‘మగవాళ్ళు ఏడవరు’: వర్ణనా, ఆజ్ఞా?

తొమ్మిది నెలల పసిబిడ్డ ముందు ఒక డబ్బా ఉంది. మూత తెరుచుకోగానే స్ప్రింగు మీద బొమ్మ చటుక్కున పైకి లేచే ఆటవస్తువు అది. బొమ్మ మొదటిసారి లేచినప్పుడు బిడ్డ ఉలిక్కిపడింది. మళ్ళీ లేచింది, బిడ్డ చిరాకు పడింది. అలా లేస్తూనే ఉండేసరికి ఏడుపు అందుకుంది. ఈ దృశ్యాన్ని వీడియో తీసి జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు 204 మందికి చూపించారు. బిడ్డలో ఏ భావం ఎంత కనిపిస్తోందో రాయమన్నారు. సగం మందికి బాబు అని చెప్పారు, మిగతా సగం మందికి పాప అని చెప్పారు. వీడియో అదే, ఏడుపూ అదే. బాబు అనుకున్నవాళ్ళకు అందులో కోపం ఎక్కువ కనిపించింది. పాప అనుకున్నవాళ్ళకు భయం కనిపించింది.

1976లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని తీసిపారేయడం తేలికే. వీడియో చూసి మార్కులు వేసినంత మాత్రాన బిడ్డకు ఏమవుతుంది అనిపించవచ్చు. కానీ భయపడిన బిడ్డనూ కోపమొచ్చిన బిడ్డనూ పెద్దవాళ్ళు ఒకేలా పట్టించుకోరు. భయపడింది అనుకుంటే దగ్గరికి తీసుకుంటారు, వీపు నిమురుతారు, ఆ డబ్బాను దూరంగా పెట్టేస్తారు. కోపం అనుకుంటే కాసేపు చూస్తారు, వాడి పంతం వాడిదని వదిలేస్తారు. రోజుకు పదిసార్లు, ఏళ్ళ తరబడి ఇదే జరిగితే ఇద్దరు పిల్లలూ ఒకే డబ్బా నుంచి రెండు వేర్వేరు పాఠాలు నేర్చుకుంటారు. ఒకరు ఏడిస్తే ఎవరో వస్తారని, ఇంకొకరు ఏడిస్తే ఎవరూ రారని.

ఆడ, మగ గురించిన మూస అభిప్రాయాలను మామూలుగా సమాచార లోపంగా చూస్తారు. జనానికి తప్పుడు అంచనా ఉంది, సరైన అంకెలు చూపిస్తే దిద్దుకుంటారు అన్న ఆశ దాని వెనక ఉంటుంది. అది కొంతవరకే నిజం. ‘మగవాళ్ళు ఏడవరు’ అన్న మాటనే తీసుకుందాం. వ్యాకరణం ప్రకారం ఇది ఒక అలవాటును చెప్పే వాక్యం. ‘చేపలు నేల మీద నడవవు’ అన్న వాక్యానికీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. అయితే ఈ మాటను ఎప్పుడు అంటారు? కళ్ళ ముందు ఒక మగపిల్లాడు ఏడుస్తున్నప్పుడు అంటారు. నిజంగా వర్ణనే అయితే, ఆ పిల్లాడి కన్నీళ్ళతో వాక్యం అక్కడికక్కడే అబద్ధమని తేలిపోవాలి. అలా తేలదు. తప్పు వాక్యంలో ఉందని ఎవరూ అనుకోరు, పిల్లాడిలో ఉందనుకుంటారు. వాడూ అలాగే అనుకుని కళ్ళు తుడుచుకుంటాడు.

జెండర్ మూసల బలమంతా ఈ మెలికలోనే ఉంది. పైకి ‘ఇలా ఉంటారు’ అని చెబుతూ లోపల ‘ఇలా ఉండాలి’ అని శాసిస్తాయి. తెలుగులో ఒక పాత సామెత ఆ ముసుగు కూడా తీసేస్తుంది. ఏడ్చే మగవాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదట. అలాంటివాళ్ళు ఉండరని సామెత అనడం లేదు. ఉన్నారని ఒప్పుకుంటూనే వాళ్ళను వెలివేస్తోంది.

మనస్తత్వ శాస్త్రంలో ఈ రెంటినీ వేరు చేసి చూస్తారు. ఒకటి వర్ణించే మూస, రెండోది శాసించే మూస. డెబొరా ప్రెంటిస్, ఎరికా కరాంజా 2002లో చేసిన అధ్యయనం శాసించే మూసల లోపలి అమరికను విప్పి చూపించింది. సమాజంలో ఏ గుణం ఎవరికి ఉండి తీరాలంటారు, ఏది ఎవరికి ఉండకూడదంటారు అని విద్యార్థులను అడిగారు. మెత్తదనం, సిగ్గు, తొందరగా ఎదుటివాళ్ళకు లొంగిపోవడం, బలహీనత ఇవి ఎవరిలోనైనా అంత మెచ్చుకునే గుణాలు కావు. ఆడవాళ్ళలో ఉంటే మాత్రం చూసీ చూడనట్టు పోతారు, మగవాళ్ళలో ఉంటే గట్టిగా తప్పు పడతారు. అహంకారం, మొండితనం, ఎదురు తిరగడం లాంటివి దీనికి తలకిందులు. మగవాడైతే క్షమిస్తారు, ఆడదైతే క్షమించరు. అంటే మూసలో మెచ్చుకోలు ఎంత ఉందో మినహాయింపులూ అంతే ఉన్నాయి. ఎవరికి ఏ తప్పు మాఫీ అన్నది కూడా ముందే రాసిపెట్టి ఉంది.

శాస్త్రం కూడా చాలాకాలం ఈ మెలికలోనే చిక్కుకుంది. 1936లో అమెరికాలో లూయిస్ టెర్మన్, కాథరిన్ కాక్స్ మైల్స్ మగతనాన్నీ ఆడతనాన్నీ కొలిచే పరీక్ష ఒకటి తయారు చేశారు. రాసేవాళ్ళకు అసలు ఉద్దేశం తెలియకుండా దానికి అభిరుచుల పరీక్ష లాంటి పేరు పెట్టారు. ఆ పరీక్షలో కొలబద్ద ఒకటే. ఒక కొసన మగతనం, రెండో కొసన ఆడతనం. ఒకవైపు జరిగితే రెండోవైపు నుంచి దూరం జరిగినట్టే లెక్క. దయగల మనిషి ఆ మేరకు తక్కువ మగవాడు, చొరవ ఉన్న మనిషి ఆ మేరకు తక్కువ ఆడది. కొలిచే పనిముట్టులోనే నమ్మకాన్ని దూర్చేశాక కొలత వేరేలా ఎలా వస్తుంది? ఈ లోపాన్ని 1973లో ఆన్ కాన్‌స్టాంటినోపుల్ సూటిగా ఎత్తి చూపేదాకా, ఒకే గీత మీద రెండు కొసలు అన్న ఊహను పెద్దగా ప్రశ్నించినవాళ్ళు లేరు.

ఆ మరుసటి ఏడే స్టాన్‌ఫర్డ్‌లో సాండ్రా బెమ్ వేరే దారి పట్టారు. ఆమె ప్రశ్నావళిలో 60 మాటలు ఉంటాయి. 20 మగ లక్షణాలుగా ఎంచినవి, 20 ఆడ లక్షణాలుగా ఎంచినవి, 20 ఎటూ చెందనివి. ప్రతి మాటా తనకు ఎంత వర్తిస్తుందో మనిషి 1 నుంచి 7 వరకు అంకె వేసుకోవాలి. రెండు జాబితాలకూ మార్కులు విడివిడిగా లెక్కిస్తారు కాబట్టి ఒకే మనిషికి రెండిటిలోనూ ఎక్కువ రావచ్చు. స్వతంత్రంగా నిలబడేవాళ్ళు, అవసరమైనప్పుడు ఎదుటివాళ్ళ బాధకు కరిగేవాళ్ళు ఒక్కరే కావచ్చు. అంతవరకు లోపంగా చూసిన ఈ కలయికను బెమ్ ఆరోగ్యమని వాదించారు. ఎన్నో భాషల్లోకి వెళ్ళిన ఈ ప్రశ్నావళి, ఆడామగా కలగలుపును ఒక బలంగా మాట్లాడుకునే వీలు కల్పించింది.

కానీ ఆ 40 మాటలూ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. మగవాళ్ళలో నిజంగా ఎక్కువగా ఉన్న లక్షణాలేమిటని కొలిచి ఏరినవి కావవి. అమెరికన్ సమాజంలో మగవాడికి ఏది ఉంటే బాగుంటుంది, ఆడదానికి ఏది ఉంటే బాగుంటుంది అని విద్యార్థులను అడిగి, వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఎంచినవి. అంటే ఆ జాబితా మనుషుల ఫొటో కాదు, సమాజం కోరికల చిట్టా. ఆడ లక్షణాల్లో దయ, అనురాగం పక్కనే పసితనం, తేలిగ్గా మోసపోవడం కూడా చోటు చేసుకున్నది అందుకే. మగతనం, ఆడతనం అన్న మాటలు కూడా ఆ 60లో ఉన్నాయి. తర్వాత 1979లో ఇతరులు లెక్కలు విప్పి చూస్తే ఆ రెండు మాటలూ మిగతావాటితో కలవలేదు. చొరవ, ఆశయం, ధైర్యం ఉన్నాయని గట్టిగా చెప్పుకునే ఆడవాళ్ళు తమను ‘మగ’ అని అనుకోవడం లేదు. చొరవ అంటే చొరవే. దానికి మగ అన్న పేరు తగిలించింది ఆ జాబితా. బెమ్ స్వయంగా తర్వాతి కాలంలో తన పనిని విమర్శించుకున్నారు. రెండు మూసలూ కలిపి వాడుకోవచ్చు అనడం కన్నా, అసలు ఈ గుణాలను రెండు గంపల్లోకి ఎందుకు వేరు చేస్తున్నామో అడగాలన్నారు. పరిశోధకులు తమ సొంత కొలబద్దను ఇలా పక్కన పెట్టడం అరుదు. ఆ నిజాయితీ వల్ల ఈ రంగం ఒక మెట్టు ఎక్కింది.

ఇంతకీ ఆ గంపల్లోకి ఆ గుణాలే ఎందుకు చేరాయి? మనస్తత్వ శాస్త్రవేత్త ఆలిస్ ఈగ్లీ 1980లలో ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలబడుతోంది. జనం మనుషులను ఎక్కువగా పనుల్లో చూస్తారు. పిల్లలను సాకుతున్నవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే అయితే, ఆ పనికి కావాల్సిన ఓర్పు, ఆప్యాయత ఆడవాళ్ళ స్వభావమని అనుకుంటారు. ఆజ్ఞలు జారీ చేసే కుర్చీల్లో ఎక్కువగా మగవాళ్ళే కనిపిస్తే, అధికారం వాళ్ళ రక్తంలో ఉందనుకుంటారు. పని మనిషిని ఆ గుణం వైపు నెడుతుందన్న సంగతి మరుగున పడి, గుణమే ఆ మనిషిని పనికి పంపినట్టు కనిపిస్తుంది.

దీన్ని పరీక్షించడం కష్టం. ఆడామగా గురించి ఏ నమ్మకమూ లేని మనిషి దొరకడు కదా. కర్ట్ హాఫ్‌మన్, నాన్సీ హర్స్ట్ 1990లో దీనికొక చక్కని మార్గం కనిపెట్టారు. దూరాన ఉన్న ఒక గ్రహాన్ని ఊహించుకోమన్నారు. అక్కడ ఓరింథియన్లు, ఆక్మియన్లు అని రెండు రకాల జీవులు. ఒక రకంలో ఎక్కువమంది నగరంలో ఉద్యోగాలు చేస్తారు, రెండో రకంలో ఎక్కువమంది పిల్లలను పెంచుతారు. ఒక్కొక్క జీవి గురించి చిన్న పరిచయం చదివించారు. ఆ పరిచయాల్లో దయ, చొరవ లాంటి గుణాలను రెండు రకాలకూ సమానంగా పంచారు. చదివినదాని ప్రకారం స్వభావంలో ఏ తేడా లేదు. అయినా చదివినవాళ్ళు పిల్లలను పెంచే రకం మెత్తనివాళ్ళని, ఉద్యోగాలు చేసే రకం దూకుడున్నవాళ్ళని తేల్చేశారు. ఈ రకం ఆ పనే ఎందుకు చేస్తోందో మీ అభిప్రాయం రాయండి అని అడిగినప్పుడు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. కారణం వెతకడం మొదలవగానే మనసుకు అందిన మొదటి కారణం ‘వాళ్ళ స్వభావమే అంత’ అన్నది. ఎన్నడూ చూడని, అసలు లేని జీవుల మీద కూడా కొద్ది నిమిషాల్లో మూస తయారైపోయిందంటే, దానికి వెయ్యేళ్ళ సంప్రదాయం అక్కర్లేదన్నమాట. పని విభజన ఒక్కటి చాలు.

పని చేతులు మారితే మూస కూడా మారిన దాఖలాలు చరిత్రలో ఉన్నాయి. 1940లలో అమెరికాలో ఎనియాక్ అనే తొలి తరం కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాసింది ఆరుగురు స్త్రీలు. యంత్రం కట్టడం మగవాళ్ళ పని, దానికి ప్రోగ్రాం రాయడం గుమాస్తా పని అని అప్పట్లో లెక్క. ఆ పనికి జీతం, గౌరవం పెరిగాక అది మగవాళ్ళ తెలివికి చెందినదిగా మారిపోయింది.

పిల్లల సంగతికి వస్తే, మూసలు వాళ్ళ నెత్తిన ఎవరో కూర్చి పెట్టేవని అనుకోవడం సగం నిజమే. కరోల్ మార్టిన్, డయాన్ రూబుల్ పిల్లలను జెండర్ డిటెక్టివ్‌లు అన్నారు. రెండు మూడేళ్ళకే తాము ఏ జట్టో తెలుసుకుంటారు. ఆ తర్వాత తమ జట్టు నియమాలేమిటని ఎవరూ చెప్పకపోయినా వెతుకుతారు. ఏ రంగు ఎవరిది, ఏ ఆట ఎవరిది, జుట్టు ఎవరికి ఎంత ఉండాలి? ఐదారేళ్ళప్పుడు ఈ పట్టింపు తారస్థాయికి చేరి, తర్వాత కొంత సడలుతుంది. ‘మేం ఇద్దరినీ ఒకేలా పెంచాం, అయినా వీడు బండ్లతోనే ఆడతాడు’ అని ఆశ్చర్యపోయే తల్లిదండ్రులు గమనించాల్సిన విషయమిది. పిల్లలు తల్లిదండ్రుల మాటల కన్నా చుట్టూ ఉన్న లోకాన్ని చదువుతారు.

చదివినదాన్ని కాపాడుకుంటారు కూడా. 1983లో మార్టిన్, చార్లెస్ హాల్వర్సన్ ఐదారేళ్ళ పిల్లలకు బొమ్మలు చూపించారు. కొన్ని మూసకు సరిపోయేవి, కొన్ని సరిపోనివి. సరిపోనివాటిలో ఒక అమ్మాయి రంపంతో కలప కోస్తున్న బొమ్మలాంటివి ఉన్నాయి. వారం తర్వాత అడిగితే చాలామంది పిల్లలకు రంపం గుర్తుంది, కలప గుర్తుంది, కోసింది మాత్రం అబ్బాయి అని గుర్తుంది. కంటితో చూసిన సాక్ష్యాన్ని మనసు నమ్మకానికి తగ్గట్టు దిద్దేసింది. మూసకు ఎదురైన ఉదాహరణ ఒకటి చూపిస్తే చాలదా అన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు దొరకదు.

ఈ దిద్దుబాటు పెద్దవాళ్ళలోనూ ఉంటుంది. పదకొండు నెలల పిల్లలు పాకుతూ ఎంత ఏటవాలు దిగగలరో చెప్పమని తల్లులను అడిగిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. వాలును పెంచుతూ తగ్గిస్తూ చూపించగల బల్ల అది. ఆడపిల్లల తల్లులు తమ బిడ్డ చేయగలిగినదానికన్నా తక్కువ అంచనా వేశారు, మగపిల్లల తల్లులు ఎక్కువ అంచనా వేశారు. కాసేపటికే అదే బల్ల మీద పిల్లలను వదిలితే ఇద్దరి సామర్థ్యంలో తేడా ఏమీ కనిపించలేదు. ఆ తల్లులకు తమ బిడ్డ కొత్త కాదు, పదకొండు నెలలుగా రాత్రీ పగలూ చూస్తున్నదే. ప్రేమ ఉన్నంత మాత్రాన మూస కళ్ళ ముందు నుంచి తొలగిపోదు.

వీటన్నిటిలోకి మనసును కలచే ఫలితం 2017లో లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే సింపియన్ ప్రచురించినది. ‘చాలా చాలా తెలివైన’ ఒక మనిషి కథ పిల్లలకు చెప్పి, ఆ మనిషి వీళ్ళలో ఎవరో ఊహించండి అంటూ ఆడ, మగ ఫొటోలు చూపించారు. ఐదేళ్ళ అమ్మాయిలు అమ్మాయిల వైపే వేలు చూపారు, అబ్బాయిలు అబ్బాయిల వైపు. ఆరు, ఏడేళ్ళకు అబ్బాయిలు అలాగే ఉన్నారు, అమ్మాయిల వేలు మాత్రం మగ ఫొటోల వైపు మళ్ళడం మొదలైంది. అదే వయసు అమ్మాయిలను బడిలో ఎవరికి మంచి మార్కులు వస్తాయని అడిగితే అమ్మాయిలకే అన్నారు. మార్కుల నిజం వాళ్ళకు తెలుసు. అయినా మార్కులు కష్టానికి వస్తాయి, ‘తెలివి’ వేరే అని ఎక్కడో పసిగట్టేశారు. ‘చాలా తెలివైన పిల్లల కోసం’ అని చెప్పిన ఆట మీద వాళ్ళకు ఆసక్తి తగ్గింది. ‘బాగా కష్టపడే పిల్లల కోసం’ అన్న ఆట మీద తగ్గలేదు. అప్పటికి వాళ్ళు చదివింది ఒకటో తరగతో, రెండో తరగతో.

ఇక్కడ ఎవరైనా అడగదగిన ప్రశ్న ఒకటుంది. తేడాలు నిజంగానే లేవా? ఉన్నాయి. వాటి గురించి తడబడకుండా మాట్లాడటం మంచిది. 2005లో జానెట్ హైడ్ 46 మెటా విశ్లేషణలను, అంటే ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలను, మళ్ళీ ఒక చోట చేర్చారు. మానసిక లక్షణాల్లో ఆడామగా మధ్య కొలిచిన తేడాల్లో 78 శాతం చిన్నవి లేదా దాదాపు సున్నా అని తేలింది. చిన్న తేడా అంటే ఎంత? ఒక ఆడ మనిషినీ ఒక మగ మనిషినీ చీటీ తీసినట్టు ఎంచి, ఆ లక్షణం ఎవరిలో ఎక్కువ ఉందో పందెం కాశారనుకుందాం. ‘చిన్న తేడా’ ఉన్నచోట మూసను నమ్మి కాసినవాళ్ళు 100 పందేల్లో 56 గెలుస్తారు. బొమ్మాబొరుసూ వేసినా 50 గెలుస్తారు. ఎత్తు విషయంలోనైతే 90 దాకా గెలుస్తారు. జనం ఆడామగా స్వభావాల గురించి మాట్లాడే ధీమా ఎత్తుకు తగినది, అంకెలు చూపేది 56.

పెద్ద తేడాలూ ఉన్నాయి. వస్తువును ఎంత వేగంగా, ఎంత దూరం విసరగలరన్నది అందులో ఒకటి. ఒక వస్తువును మనసులో తిప్పి చూసే నైపుణ్యంలో మగవాళ్ళ సగటు ఎక్కువ. అయితే 2007లో జింగ్ ఫెంగ్, ఆమె సహచరులు కేవలం 10 గంటల యాక్షన్ వీడియోగేమ్ శిక్షణతో ఆ తేడా బాగా తగ్గినట్టు చూపారు. పిల్లల ఆటబొమ్మల ఎంపికలో తేడా గణనీయం. పుట్టకముందు ఆండ్రోజెన్లనే మగ హార్మోన్ల ప్రభావం ఎక్కువగా పడిన ఆడపిల్లలు బండ్లు, కట్టుడు బొమ్మల వైపు మొగ్గుతారని షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ 1992లో చూపారు. జీవశాస్త్రానికి పాత్ర లేదనడం ఈ సాక్ష్యాన్ని పక్కకు నెట్టడమే అవుతుంది. ఇంకో చిక్కు ప్రశ్న కూడా ఉంది. స్త్రీ పురుష సమానత్వం ఎక్కువున్న సంపన్న దేశాల్లో వ్యక్తిత్వ పరీక్షల మీద కనిపించే తేడాలు తగ్గాల్సింది పోయి పెరుగుతున్నాయి. స్వేచ్ఛ దొరికాక సహజ స్వభావం బయటపడుతోందని కొందరి వాదన. ప్రశ్నలకు జవాబిచ్చేటప్పుడు కొన్ని దేశాల్లో జనం తమను సొంత జట్టువాళ్ళతోనే పోల్చుకుంటారని, దాంతో అక్కడ తేడా చిన్నదిగా కనిపిస్తుందని మరికొందరి వాదన. ఇది ఇంకా తేలలేదు.

కానీ సగటు తేడా ఉందని ఒప్పుకున్నా అక్కడి నుంచి ‘ఉండాలి’ అన్న మాటకు దారి లేదు. 2015లో డాఫ్నా జోయెల్ బృందం 1,400కు పైగా మెదడు స్కాన్లను పరిశీలించింది. భాగాల వారీగా సగటు తేడాలు కనిపించాయి. అన్ని భాగాల్లోనూ ఒకే కొసన ఉన్న మెదడు మాత్రం బహు అరుదు. ఎక్కువమందివి అక్కడొకటి ఇక్కడొకటి ఏరి కూర్చినట్టున్న మెదళ్ళు. మొత్తం నమూనాను కంప్యూటర్‌కు ఇస్తే అది ఆడో మగో చాలాసార్లు సరిగ్గా చెబుతుందని విమర్శకులు అన్నారు. అదీ నిజమే. అయినా ‘ఇది ఆడవాళ్ళ మెదడు’ అని తెలిసినంత మాత్రాన ఆ మనిషికి ఏది ఇష్టమో, ఏది చేతనవునో తెలిసిపోదు.

మూసల్లో తిట్టు కన్నా పొగడ్త పట్టే ఎక్కువ. మనుషులను సగటున అడిగితే ఆడవాళ్ళ గురించే మంచి మాటలు ఎక్కువ చెబుతారని ఈగ్లీ పరిశోధనల్లోనే తేలింది. మరి అంత మంచి అభిప్రాయం ఉన్నచోట వివక్ష ఎలా ఉంటుంది? పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ 1996లో ఈ ముడి విప్పారు. స్త్రీల మీద ద్వేషంతో కూడిన వివక్ష ఒకటి, దయతో కూడిన వివక్ష రెండోది. ఆడవాళ్ళు స్వచ్ఛమైనవాళ్ళు, సుకుమారులు, వాళ్ళను కాపాడాలి, ఆమె లేకపోతే ఇల్లు చీకటి అనేవి రెండో రకం మాటలు. వినడానికి ఎంత తియ్యగా ఉన్నా, కాపాడాల్సిన వస్తువుకు తాళం వేయడం సహజమైపోతుంది. 2000లో 19 దేశాల్లో 15,000 మందికి పైగా జనాన్ని అడిగి చూస్తే, ద్వేషం ఎక్కువున్న దేశాల్లోనే ఈ దయ కూడా ఎక్కువగా కనిపించింది. గీత లోపల ఉన్న స్త్రీకి పూలదండ, దాటిన స్త్రీకి రాళ్ళు. దండ వేసే చేతులూ రాళ్ళు వేసే చేతులూ వేర్వేరు అనుకోవడం పొరపాటు.

గీత దాటితే ఏమవుతుందో 2004లో మాడలిన్ హీల్‌మన్ బృందం చూపించింది. మగవాళ్ళ రంగంగా పేరున్న ఒక ఉద్యోగంలో ఉన్నవాళ్ళ గురించి చదివించి మార్కులు వేయమన్నారు. పనితీరు గురించి స్పష్టంగా చెప్పనప్పుడు స్త్రీని తక్కువ సమర్థురాలిగా లెక్కగట్టారు. ఆమె విజయం సాధించిందని ఖాయంగా చెప్పినప్పుడు సామర్థ్యంలో మగవాడితో సమానమని ఒప్పుకున్నారు, కానీ ఆ మనిషి నచ్చలేదన్నారు. ‘బాస్‌గా పనికొస్తుంది, పొగరెక్కువ’ అన్న మాట అన్ని ఆఫీసుల్లోనూ వినబడేదే. దెబ్బ మగవాళ్ళకూ తగులుతుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో వినయంగా మాట్లాడిన మగవాణ్ణి, అదే మాటలు మాట్లాడిన ఆడ మనిషి కన్నా తక్కువగా ఇష్టపడ్డారని 2010 నాటి ఒక అధ్యయనం చెబుతుంది.

అన్ని ప్రఖ్యాత ఫలితాలూ ఇంత గట్టివి కావు. ఆడవాళ్ళు లెక్కల్లో వెనక అన్న మాటను పరీక్షకు ముందు గుర్తు చేస్తే చాలు, టెన్షన్‌తో మార్కులు తగ్గిపోతాయని 1999లో వచ్చిన ప్రయోగం ఎన్నో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2018లో నెదర్లాండ్స్‌లో 2,000 మందికి పైగా హైస్కూల్ విద్యార్థులతో పకడ్బందీగా చేసి చూస్తే ఆ ప్రభావం కనిపించలేదు. ఒక్క వాక్యంతో మార్కులు పడిపోవడం కన్నా, ఏళ్ళ తరబడి పేరుకునే చిన్న చిన్న అంచనాలే అసలు నష్టం చేస్తాయనుకోవడం సబబు.

మగతనం దగ్గర కాస్త ఆగాలి. సమానత్వం గురించిన చర్చల్లో దీన్ని తొందరగా దాటేస్తుంటారు. జోసెఫ్ వాండెల్లో, జెనిఫర్ బాసన్ 2008లో ఒక చిన్న ప్రయోగం చేశారు. ‘నేను ఒకప్పుడు మగవాణ్ణి, ఇప్పుడు కాదు’ అని ఒకరు అన్నారు, ఏమై ఉంటుందో చెప్పండి అని అడిగారు. చదివినవాళ్ళకు సామాజికమైన కారణాలు తేలిగ్గా తట్టాయి. ఉద్యోగం పోయి ఉంటుంది, కుటుంబాన్ని పోషించలేకపోయి ఉంటాడు. ‘నేను ఒకప్పుడు ఆడదాన్ని, ఇప్పుడు కాదు’ అని ఒకరు అన్నట్టు చెబితే అలాంటి కారణాలు తట్టలేదు, ఏదో శారీరకమైన మార్పు జరిగి ఉంటుందనుకున్నారు. ఆడతనం ఒంటితో వచ్చేది, మగతనం సంపాదించుకునేది అన్నమాట. సంపాదించుకున్నది పోగొట్టుకోవచ్చు కూడా. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అనే నానుడి చెప్పేదీ అదే. లక్షణం అని పేరు పెట్టుకుంది కానీ అది ఒక షరతు. ఉద్యోగం పోతే లక్షణమూ పోయినట్టే. తెలుగులో ‘మగరాయుడు’ అని ఆడపిల్లను అంటే అందులో కాస్త మురిపెం కూడా ఉండవచ్చు. ‘ఆడంగి’ అని మగపిల్లాణ్ణి అంటే అందులో అవమానం తప్ప మరేమీ ఉండదు. గీత అటు దాటితే పైకి ఎక్కినట్టు, ఇటు దాటితే కిందికి పడినట్టు.

పోగొట్టుకునే భయం ఏం చేయిస్తుందో తర్వాతి ప్రయోగం చూపింది. కొందరు మగ విద్యార్థులకు ఒక బొమ్మ తల ఇచ్చి జుట్టుకు జడ అల్లమన్నారు. మరికొందరికి తాళ్ళు ఇచ్చి అల్లమన్నారు. వేళ్ళు చేసే పని రెండు చోట్లా ఒకటే. ఆ తర్వాత పజిల్ చేస్తారా, పంచింగ్ బ్యాగ్ గుద్దుతారా అని అడిగితే జడ అల్లినవాళ్ళు పంచింగ్ బ్యాగ్ వైపు ఎక్కువగా మొగ్గారు. అందరినీ గుద్దమన్నప్పుడు జడ అల్లినవాళ్ళ దెబ్బ గట్టిగా పడింది. ఒక జడ అల్లినంత మాత్రాన ఏదో తరిగిపోయినట్టు, దాన్ని వెంటనే పూడ్చుకోవాలన్నట్టు ఉంది ఆ ప్రవర్తన. మగతనం ఇలా నిలకడలేనిదన్న నమ్మకాన్ని 62 దేశాల్లో 33,000 మందికి పైగా విద్యార్థులను అడిగి 2021లో కొలిచారు. సమానత్వం తక్కువున్న దేశాల్లో ఆ నమ్మకం ఎక్కువగా ఉంది. మగవాళ్ళకు అధికారం ఎక్కడ ఎక్కువో, ఆ అధికారం జారిపోతుందన్న భయమూ అక్కడే ఎక్కువ.

దీనికి చెల్లించే మూల్యం ఒంటి మీదా మనసు మీదా పడుతుంది. 2017లో జోయెల్ వాంగ్ బృందం 78 నమూనాల నుంచి 19,453 మంది సమాచారాన్ని కలిపి చూసింది. మగతన నియమాలన్నీ ఒకేలా హాని చేయవని తేలింది. పనికి పెద్దపీట వేయడానికీ మానసిక ఆరోగ్యానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ఎవరి సాయమూ అడగకూడదన్న పట్టుదల, స్త్రీల మీద పెత్తనం, అనేకమందితో తిరగడాన్ని గొప్పగా భావించడం ఈ మూడూ చెడు ఫలితాలతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. సాయం అడగని అలవాటు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కూడా అడ్డు వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 7 లక్షల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మగవాళ్ళలో ఆ రేటు ఆడవాళ్ళకన్నా రెట్టింపు పైమాటే. ఆత్మహత్యకు ఎన్నో కారణాలు ఉంటాయి, అన్నిటినీ మగతనం మీద మోపకూడదు. అయినా ‘బాగాలేదు’ అన్న ఒక్క మాట నోటి నుంచి రాకుండా గొంతులోనే ఆపేసే శిక్షణ బతికి బయటపడే దారుల్ని తగ్గిస్తుందనడంలో సందేహం అక్కర్లేదు. ఏడుపును కోపంగా చదవడం తొమ్మిది నెలల వయసులోనే మొదలైందని మరిచిపోకూడదు.

మూసలు కదులుతున్నాయా? ఈగ్లీ, ఆమె సహచరులు 2020లో అమెరికాలో 1946 నుంచి 2018 వరకు జరిగిన 16 అభిప్రాయ సేకరణలను కలిపి చూశారు. 1946లో ఆడామగా సమానంగా తెలివైనవాళ్ళని చెప్పింది 35 శాతం, 2018లో 86 శాతం. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆప్యాయత, సున్నితత్వం ఆడవాళ్ళ సొత్తన్న అభిప్రాయం ఆ కాలంలో తగ్గకపోగా పెరిగింది. ఆశయం, దూకుడు మగవాళ్ళవన్న అభిప్రాయం ఉన్నచోటే ఉంది. ఈగ్లీ సిద్ధాంతంతో చూస్తే ఇందులో వింత లేదు. ఆడవాళ్ళు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి పెద్ద ఎత్తున వచ్చారు, వాళ్ళ తెలివి అందరికీ కనిపించింది. మగవాళ్ళు ఇంటి చాకిరీలోకి, పసిపిల్లల, వృద్ధుల సంరక్షణలోకి ఆ స్థాయిలో రాలేదు. కనిపించని ఓర్పును ఎవరు నమ్ముతారు?

మార్పు ఎటు నుంచి వస్తుందో సూచించే అధ్యయనం ఒకటి 2014లో అలిస్సా క్రాఫ్ట్, ఆమె సహచరులు చేశారు. 7 నుంచి 13 ఏళ్ళ మధ్య ఉన్న 326 మంది పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను ప్రశ్నించారు. ఇంటి పని ఎవరు ఎంత చేస్తారు, సమానత్వం గురించి ఏమనుకుంటారు అని తల్లిదండ్రులను అడిగారు. పెద్దయ్యాక ఏమవుతారని పిల్లలను అడిగారు. తండ్రి ఇంటి పనిలో ఎక్కువ పాలు పంచుకునే ఇళ్ళలో, ఆడపిల్లలు ఆడవాళ్ళకని ముద్రపడిన ఉద్యోగాలకే పరిమితం కాకుండా ఇతర ఉద్యోగాల గురించి ఎక్కువగా చెప్పారు. తండ్రికి సమానత్వం మీద ఉన్న అభిప్రాయాలను లెక్కలోంచి తీసేసి చూసినా ఈ సంబంధం నిలిచింది. ఆయన ఏం నమ్ముతున్నానని చెబుతాడో దానికన్నా, చీపురు ఎవరి చేతిలో ఉందో కూతురు ఎక్కువగా చూస్తోంది.